చెరువు నీళ్ళు చూసే పిల్లలు: రెండేళ్ళు వాడుకున్నాక నా రివ్యూ

ముందు మార్కులు చెప్పేస్తాను. ఐదుకు నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను. ఊరి చెరువు నీళ్ళు పరీక్ష చేసిపెట్టే ఈ సేవ పెట్టుకుందామా వద్దా అని మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఒకసారి కూర్చుని రాస్తే మేలనిపించింది.

నేను చేపలమ్మే మనిషిని. పుట్టిల్లు ప్రాణహిత నదికి అవతల, తెలంగాణలో కోటపల్లి మండలం. అత్తగారిల్లు ఇవతల, మహారాష్ట్రలో సిరోంచ తాలూకా. నది ఒకటే, పడవ ఎక్కితే పావుగంట. ఇటు ఆఫీసుల్లో అంతా మరాఠీ, అటు తెలుగు. నేను అవతల తెలుగు బడిలో ఇంటర్ దాకా చదువుకున్నాను కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ వాళ్ళకి తెలుగు అక్షరాలు రావు. మా ఊళ్ళో సగం ఇళ్ళు గోండులవి, ఓ పాతిక ఇళ్ళు చేపలు పట్టే మావాళ్ళవి, మిగతావి అవీ ఇవీ. అటవీ హక్కుల చట్టం కింద ఊరి చెరువు మీద సామూహిక హక్కు పత్రం గ్రామసభ పేరున వచ్చింది. చెరువులో చేప పిల్లలు వేయడం, కాపలా, పట్టడం, అమ్మడం చూసుకునే కమిటీలో నేను లెక్కలు రాస్తాను.

ఇక సేవ సంగతి. కొన్ని ఊళ్ళ గ్రామసభలు కలిసి పెట్టుకున్న చిన్న జట్టు ఇది. డిగ్రీ చదివిన పిల్లలు ఐదుగురు, బైకులు రెండు, సీసాలున్న పెట్టె ఒకటి. వాళ్ళకో పేరుంది, బోర్డూ ఉంది, కానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. నీళ్ళ పిల్లలు అంటారు. వాళ్ళ తప్పులు కూడా రాస్తున్నాను కనుక నేనూ అలాగే అంటాను. నెలకు 700 రూపాయలు. మధ్యలో అర్జంటుగా పిలిస్తే పెట్రోలుకు 200. దానికి నెలకోసారి వచ్చి చెరువు నీళ్ళు పరీక్ష చేస్తారు, చేప పిల్లలు వదిలేటప్పుడు లెక్క పెట్టిస్తారు, గ్రామసభ తీర్మానాలు రాసిపెడతారు. ఆ తీర్మానం, పరీక్ష కాగితం రెండూ పట్టుకుని మత్స్యశాఖ, అటవీశాఖ, వ్యవసాయశాఖ మూడింటికీ ఒకే రోజు వెళ్ళి వస్తారు. మనలో ఒకరిని వెంట తీసుకెళ్తారు. మొదట్లో నేను పరీక్షకే డబ్బులు కడుతున్నాం అనుకున్నాను. రెండేళ్ళు గడిచాక చూస్తే, ఆ చివరి పనికే కడుతున్నాం. పరీక్ష పెట్టె మనమూ కొనుక్కోవచ్చు. ముగ్గురు ఆఫీసర్ల చేత ఒకే కాగితం చదివించడం మనవల్ల అయ్యే పని కాదు. అంతకు ముందు చేపల సంగతి మత్స్యశాఖ దగ్గరికి పోతే అడవి భూమి అనేవాళ్ళు, అడవి వాళ్ళ దగ్గరికి పోతే పొలం మందుల సంగతి మాకు తెలియదనేవాళ్ళు.

మొదటి ఏడు భాద్రపదంలో జరిగింది చెప్తే మీకు అర్థమవుతుంది. వినాయక నిమజ్జనం అయిన మూడో రోజు. అంతకు ముందు ఐదు రోజులు మబ్బు, ఎండ పొడ లేదు, గాలి లేదు. తెల్లవారుజామున ఐదింటికి మా ఆయన కట్ట మీదకి పోయి పరుగున వచ్చాడు. నేను పోయి చూసేసరికి చెరువంతా నోళ్ళే. బొచ్చలు, రవ్వలు నీటి పైకి తలలు పెట్టి గుటకలు వేస్తున్నాయి. పదడుగుల దూరానికి ఆ చప్పుడు వినిపించింది, వాన చినుకులు పడ్డట్టు. తెల్లారేసరికి తూము దగ్గర పెద్ద బొచ్చలు వెల్లకిలా తేలాయి. రెండు కిలోలు, మూడు కిలోలవి. దసరాకి అమ్ముదామని ఉంచినవి.

అరగంటలో ఊరంతా కట్ట మీద ఉంది. చెరువు పైన పత్తి చేను కౌలుకు చేసే రైతు ఒకాయన ఉన్నాడు, బయటి నుంచి వచ్చినవాడు. మందు కలిపాడు, చెరువు చంపాడు అని ఒకరన్నారు. అంతే, ఇంకెవరూ వేరే మాట మాట్లాడలేదు. కుర్రాళ్ళు కర్రలు తీశారు. మా ఊరి పటేల్‌ని అందరం కాక, అంటే బాబాయి, అని పిలుస్తాం. ఆయన గోండుల పెద్ద, ఎక్కువ మాట్లాడడు. ఆయన కట్టకి అడ్డంగా నిలబడి, "ఆగుండ్రి. నీళ్ళ పిల్లలు వచ్చేదాక ఎవ్వడు చేను దిక్కు పోవద్దు" అన్నాడు. ఫోన్ సిగ్నల్ కోసం మా ఆయన గుట్టెక్కి చేశాడు. ఆరుంబావుకి ఇద్దరు వచ్చారు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. హెల్మెట్ తీయకుండానే పెట్టె దించారు.

ఆ పరీక్ష నేను దగ్గర కూర్చుని చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను, మీ ఊళ్ళో చేస్తుంటే మీరూ కూర్చుని చూడండి. గాజు మూత ఉన్న చిన్న సీసా. దాన్ని నీళ్ళలోపలే ముంచి, బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నింపి, నీళ్ళలోపలే మూత పెట్టింది ఆ పిల్ల. బుడగ ఉంటే గాలి కలిసి లెక్క తప్పుతుందట. తర్వాత రెండు రకాల మందులు కొద్దికొద్దిగా వేసి సీసా తలకిందులు చేసి తిప్పింది. లోపల పాలు విరిగినట్టు ఏదో ముద్దగా వచ్చి మెల్లగా కిందికి దిగింది. పోల్చి చూపించడానికి దారిలో ప్రాణహిత పారే నీళ్ళు ఇంకో సీసాలో నింపుకుని, అక్కడే ఆ రెండు మందులూ వేసి తెచ్చారు. నది సీసాలో ఆ ముద్ద బెల్లం రంగులో ఉంది. మా చెరువు సీసాలో దాదాపు తెల్లగా ఉంది. "అక్కా, రంగు ఎంత ముదిరితే నీళ్ళలో అంత ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఏం లేనట్టే" అంది. రెండు సీసాలూ కట్ట మీద పెట్టింది. ఎవరూ ఏమీ చదవక్కర లేదు, చదువు రాని ముసలమ్మ కూడా ఒంగి చూసి తెలుసుకుంది.

ఆ తర్వాత చేతికి తొడుగు వేసుకుని యాసిడ్ పోస్తే ముద్ద కరిగి పసుపు నీళ్ళయింది. గంజి లాంటిది కలిపితే నీలం. ఇంకో మందు చుక్కచుక్కగా వదిలితే నీలం పోయి తేటపడింది. ఎన్ని చుక్కలు పడ్డాయో అదే లెక్క. మా చెరువుకి లీటరుకు 1.2 మిల్లీగ్రాములు వచ్చింది. చేపలు హాయిగా ఉండాలంటే 5 దాటాలి. 3 కన్నా తగ్గితే కష్టమే.

ఆ పిల్లాడు చచ్చిన చేపల్ని ఏరి వరసగా పెట్టించాడు. అన్నీ పెద్దవే. పరకలు ఒక్కటీ చావలేదు. రొయ్యలు ఒడ్డుకు పాకి వచ్చాయి, బతికే ఉన్నాయి. పురుగుమందు అయితే ముందు పోయేది రొయ్యలు, చిన్న చేపలు. గాలి చాలనప్పుడు ముందు పోయేది పెద్ద చేపలు. ఇది నాకు ముప్పై ఏళ్ళ చేపల బతుకులో ఎవరూ చెప్పలేదు. మరి గాలి ఎందుకు చాలలేదు? చెరువు నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడి ఉన్నాయి. ఆ పచ్చదనం పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. ఐదు రోజులు ఎండ లేకపోతే ఇచ్చేది తగ్గింది, పీల్చేది తగ్గలేదు. అంత పచ్చగా ఎందుకయింది? వరి మళ్ళ యూరియా నీళ్ళు కొంత. రెండోది, అంతకు ముందు వారం మా కమిటీయే రెండు ట్రాక్టర్ల పేడ వేయించింది, చేపలకి మేత పుడుతుందని. వేయమని లెక్కల పుస్తకంలో సంతకం పెట్టింది నేను.

ఆ మాట అక్కడే, అందరి ముందూ చెప్పాను. కర్రలు పట్టుకున్నవాళ్ళు కర్రలు కింద పెట్టారు. ఎవరి చేను మీదకైతే పోబోయారో ఆ కౌలు రైతు దగ్గరికే పోయి మోటారు అడిగితే ఆయన తన డీజిల్ ఇంజను తెచ్చాడు. మాదొకటి, ఆయనదొకటి రెండూ పెట్టి చెరువు నీళ్ళే తోడి పైకి చిమ్మించి చెరువులోకే వదిలాం. మధ్యాహ్నం ఎండ వచ్చింది. రెండింటికి మళ్ళీ పరీక్ష చేస్తే 5.6. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ ఇంజన్లు ఆపలేదు. రెండు క్వింటాళ్ళ పైన పోయాయి. ఇంజన్లు పెట్టకపోతే ఆ రాత్రికి మిగతావీ పోయేవని నా నమ్మకం. ఒక మనిషి తల పగలకుండా ఆగింది, దానికి నేను వెల కట్టలేను.

అదే పొలాల వైపు నుంచి రెండోసారి మాత్రం నిజంగా పురుగుమందే వచ్చింది. అదీ రాయాలి, లేకపోతే ఈ పిల్లలు రైతుల వైపు మాట్లాడతారని అనుకునేవాళ్ళున్నారు. పుష్యమాసంలో, మిరప చేలకి జోరుగా మందు కొట్టే రోజులు. చెరువులోకి నీళ్ళొచ్చే కాలువ మూతి దగ్గర మాత్రమే పరకలు, చిన్న రొయ్యలు చచ్చాయి. లోతులో పెద్ద చేపలకి ఏమీ కాలేదు. పిల్లలు వచ్చి గాలి లెక్క చూస్తే 6 పైనే ఉంది. కాలువ వెంబడి నడిచిపోతే స్ప్రే ట్యాంకు కడిగిన చోటు దొరికింది, ఖాళీ డబ్బాలు తుప్పలో ఉన్నాయి. ఫోటోలు తీశారు, తేదీ రాశారు, నీళ్ళు సీసాలో పట్టి మూత మీద పటేల్ కాక చేత, ఆ చేను రైతు చేత కూడా సంతకం పెట్టించారు. రైతు చేత పెట్టించడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన ఎదురుగా పట్టిన నీళ్ళు కనుక తర్వాత కాదనలేడు, అలాగని ఆయన్ని దొంగలాగా చూడలేదు.

నీళ్ళలో విషం కలిపి చేపల్ని చంపడం 1897 నాటి చేపల చట్టం నుంచే నేరం. కేసు పెడదామని కొందరన్నారు. పిల్లలు రెండు దారులూ చెప్పి, నిర్ణయం గ్రామసభకి వదిలేశారు. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ చేపలు, నీటి వనరుల మీద మన సామూహిక హక్కు చెప్తుంది. ఐదో సెక్షన్ ఉందని చాలామందికి తెలియదు. చుట్టుపక్కల నీళ్ళు, వాగులు, వాటి పరీవాహకం కాపాడే అధికారం, బాధ్యత రెండూ గ్రామసభకి కూడా ఇచ్చింది అది. ఆ సెక్షన్ కింద తీర్మానం రాశాం: కాలువకి ముప్పై మీటర్ల లోపల స్ప్రే ట్యాంకు కడగకూడదు, డబ్బా పారేయకూడదు. దాన్ని మూడు ఆఫీసులకీ ఒకే రోజు ఇచ్చారు. పది రోజుల్లో వ్యవసాయశాఖ నుంచి ఒకాయన వచ్చి రైతులందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఒక రైతు తన చేను మూల ఇచ్చాడు. అక్కడ గుంట తవ్వి, డ్రమ్ము పెట్టి, కడిగిన నీళ్ళు అందులోనే పోసేటట్టు చేసుకున్నాం. ఈ ఏడు మిరప కాలమంతా కాలువ మూతి దగ్గర చచ్చిన పరక కనపడలేదు.

గోండు ఇళ్ళకీ మా ఇళ్ళకీ మధ్య ఉన్న సంగతి కూడా చెప్పాలి. హక్కు పత్రం వచ్చాక మావాళ్ళకి టెన్షన్ పట్టుకుంది, చెరువు ఇక వాళ్ళదేనేమో, మనల్ని వల వేయనివ్వరేమో అని. ఆదివాసులు కానివాళ్ళు ఆ చట్టం కింద విడిగా హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు చూపించాలి. వల వేసే ఇంట్లో 75 ఏళ్ళ కాగితం ఎక్కడ ఉంటుంది? నీళ్ళ పిల్లలు మా మామగారి చేత, ఇంకో ముగ్గురు ముసలివాళ్ళ చేత ఏ తాతలు ఏ రేవులో వల వేశారో చెప్పించి రాయించారు. ఆ చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. దాన్ని గ్రామసభలో చదివినప్పుడు తెలిసింది, మా మామగారి తండ్రీ పటేల్ కాక తండ్రీ ఒకే మావులో, అంటే చేపలు చిక్కే బుట్టలో, పడ్డ చేపలు పంచుకున్నవాళ్ళని. గ్రామసభ అంటే ఊళ్ళో పెద్ద వయసు వచ్చిన అందరూ, మేమూ అందులో ఉన్నాం అని ఆ రోజు నాకు మనసుకెక్కింది. ఇప్పుడు వల మావాళ్ళు వేస్తారు, కాపలా అందరిదీ, అమ్మకంలో వాటా తీర్మానం ప్రకారం. గొడవ రాలేదా అంటే వచ్చింది, రెండుసార్లు. రెండుసార్లూ పుస్తకం తెరిచి తేల్చుకున్నాం.

ఒక మీటింగులో ఆ ఆడపిల్ల అమెరికా సంగతి చెప్పింది. అక్కడ వాషింగ్టన్ ప్రాంతంలో 1854, 1855లో ఆదివాసులు ఒడంబడికలు రాసుకుని భూమి వదులుకున్నారు గానీ, తాము ఎప్పటినుంచో పట్టే చోట చేపలు పట్టే హక్కు వదులుకోలేదు. వందేళ్ళ పైన ఆ మాట సరిగా అమలు కాలేదు. 1974లో జార్జ్ బోల్ట్ అనే జడ్జి, ఆ నీళ్ళలో పట్టుకోదగ్గ చేపల్లో సగం దాకా వాళ్ళ వాటాయే అని తీర్పిచ్చాడు. ఆ తెగలు కలిసి ఒక కమిషన్ పెట్టుకుని, సొంతంగా శాస్త్రవేత్తల్ని పెట్టుకుని, నీళ్ళు, చేపలు లెక్క చూసుకుంటున్నాయి. రోడ్ల కింద వేసిన తూముల వల్ల సాల్మన్ చేపలు ఎగువకి పోలేకపోతున్నాయని కేసు వేస్తే 2018లో అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచారు. ప్రభుత్వం ఆ తూముల్ని సరిచేయాల్సి వచ్చింది. ఇదంతా విని పటేల్ కాక భార్య లేచి, "మరి మన కాగితంల ఎంత వాటా రాసిండ్రు?" అని అడిగింది. వాటా అంకె ఏమీ లేదని, హక్కు అని మాత్రమే ఉందని ఆ పిల్ల చెప్పింది. "గట్లయితే చేపలు పోయే తొవ్వ గురించి రాసిండ్రా?" అంది ఆమె. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. దాని సంగతి కిందికి రాస్తాను.

ముందు ఒక మార్కు ఎందుకు తీశానో.

పరీక్ష కాగితం మరాఠీలో వస్తుంది. ఆఫీసులకి అదే కావాలి, ఒప్పుకుంటాను. కానీ మా కమిటీలో ఏడుగురిలో ముగ్గురికి మరాఠీ చదవడం రాదు, ఇద్దరికి అసలు చదువే రాదు. రెండేళ్ళుగా అడుగుతున్నాను, తెలుగులో ఇంకో కాగితం ఇవ్వండి, గోండిలో నోటితో చెప్పండి అని. ఆ ఆడపిల్ల వచ్చిన రోజు గోండిలో చెప్తుంది, వేరేవాళ్ళు వస్తే చెప్పరు. నేనే చదివి చెప్తున్నాను. లేని రోజు కాగితం గోడకి వేలాడుతుంటుంది, అంతే.

రెండోది పెద్ద తప్పు. మొదటి ఏడాది చివర్లో మా ఊరు చూసే పిల్లాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అతని దగ్గరున్న మా చెరువు పుస్తకం ఎక్కడ పెట్టాడో దొరకలేదు. ఎనిమిది నెలల అంకెలు. ఏ నెలలో గాలి ఎంత తగ్గిందో తెలిస్తేనే కదా వచ్చే ఏడు జాగ్రత్త పడేది. భాద్రపదం నాటి లెక్క నా దగ్గర విడిగా రాసి ఉండబట్టి బతికింది. అప్పటి నుంచి నేను ఒక షరతు పెట్టాను: పుస్తకం గ్రామసభ దగ్గరే ఉంటుంది, వాళ్ళు ఫోటో తీసుకుని పోవాలి. మీరు ఈ సేవ పెట్టుకుంటే మొదటి రోజే ఈ షరతు రాయించుకోండి.

మూడోది, ఒక వేసవిలో పరీక్ష మందు గడువు దాటింది వాడారు. లెక్క 9 వచ్చింది, చేపలేమో తెల్లవారి పైకే తేలుతున్నాయి. నేను గట్టిగా అడిగితే సీసా తిప్పి తేదీ చూశారు, తలదించుకున్నారు. మర్నాడు కొత్త మందుతో వచ్చి డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేశారు. అంకె కన్నా ముందు చేపను చూడాలి అని ఆ రోజు వాళ్ళకి చెప్పాను, కోపంగానే చెప్పాను. పసివాళ్ళు, నేర్చుకున్నారు. ఇప్పుడు పెట్టె తెరవగానే తేదీలు మనకి చూపిస్తారు.

ఒక ఆఫీసులో మా తీర్మానం రెండు నెలలు కదల్లేదు. అది వీళ్ళ తప్పు కాదు, దానికి మార్కు తీయలేదు. నాలుగుసార్లు మాతో వచ్చి నిలబడ్డారు.

ఇక నది. ఈ సేవ చెరువు దాకానే. ప్రాణహిత నీళ్ళు అడిగితే పరీక్ష చేస్తారు, కాగితం కూడా ఇస్తారు, కానీ ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి పోవాలి? నదికి సగం అవతల తెలంగాణ. మాకు పైన వైన్‌గంగ, వార్ధా కలిసి ప్రాణహిత అయింది. సిరోంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. కింద ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. ఈ గడ్డకి ఒప్పందాలు కొత్త కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చినప్పుడు సిరోంచ చేతులు మారింది. అప్పుడు వాళ్ళ ధ్యాస నదిలో పడవలు తిప్పడం మీద. 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాలు సంతకాలు పెట్టుకున్నాయి, గోదావరి మీద మేడిగడ్డ దగ్గర కట్టే బ్యారేజీలో నీళ్ళు సముద్ర మట్టానికి 100 మీటర్ల ఎత్తు దాకా నిలపొచ్చని. 85 గేట్ల బ్యారేజీ వచ్చింది. 2019 జూన్‌లో ప్రారంభించారు. నీళ్ళు నిలిచాయి, మా రేవులు మునిగాయి, 2022 జులై వరదకి సిరోంచ వైపు పొలాలు నీట మునిగి ఎంత ఏడ్చామో ఇక్కడివాళ్ళకి తెలుసు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి, నీళ్ళు వదిలేశారు. నీళ్ళు నిలిచినప్పుడు మా అన్న అవతలి ఒడ్డున లోతు వలలు కొన్నాడు. నీళ్ళు పోయాక అవి ఇంట్లో మూలన పడ్డాయి.

మాకు నదిలో రొయ్య పెద్ద ఆదాయం. ఈ రొయ్య సంగతి కూడా నీళ్ళ పిల్లల దగ్గరే తెలుసుకున్నాను. గోదావరి రొయ్య నదిలో పెరిగినా, దాని పిల్ల బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. పిల్ల అక్కడ కాస్త పెరిగి ఎదురు ఈదుకుంటూ పైకి వస్తుంది. అంటే మా ఘాట్ దగ్గర నా బుట్టలో పడ్డ రొయ్య ఎక్కడో సముద్రం దిక్కు నుంచి, 1852లో కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట దాటి, ఇన్ని గేట్లు దాటి వచ్చింది. పటేల్ కాక భార్య అడిగిన తొవ్వ ఇదే. ఏ ఒక్క గ్రామసభ తీర్మానంతోనూ ఆ తొవ్వ నిలవదు. ఈ ఒడ్డు గ్రామసభలు, ఆ ఒడ్డు చేపల సొసైటీలు ఒకే పుస్తకంలో రాయాలి, రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఆ పుస్తకం చదవాలి. ఎత్తిన గేట్లు ఎప్పుడు దించుతారో ముందు రోజే రెండు ఒడ్లకీ చెప్పాలి. నేను నీళ్ళ పిల్లల్ని అడిగింది ఇదే: చెరువుకి మూడు ఆఫీసుల్ని కలిపినట్టు, నదికి రెండు ఒడ్లనీ కలపండి. మా దగ్గర అంత మనుషుల్లేరు అక్కా అన్నారు. నిజమే, ఐదుగురు పిల్లలు, రెండు బైకులు. అందుకే దీనికి మార్కు తీయలేదు. కానీ ఈ సేవని పెద్దది చేయగలిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మొదట చేయాల్సిన పని ఇదే అని నా మాట.

పెట్టుకోవాలా అని అడిగినవాళ్ళకి: చెరువు గ్రామసభ చేతిలో ఉంటే పెట్టుకోండి. కాంట్రాక్టరు చేతిలో ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి, ఈ కాగితాలు అతనికి అక్కరలేదు. మబ్బు పట్టిన మూడో రోజు నుంచి పేడ, యూరియా ఆపి, తెల్లవారుజామున ఎవరో ఒకరు కట్ట మీద ఉండండి. పరీక్ష కూడా సూర్యుడు రాకముందే చేయించండి, మధ్యాహ్నం చేస్తే అంతా బాగున్నట్టే వస్తుంది. ఇంజను ఎవరింట్లో ఉందో ముందే మాట్లాడి పెట్టుకోండి.

నేను మొన్న జూన్ నుంచి ఇంకో పుస్తకం మొదలుపెట్టాను. ఘాట్ దగ్గర రోజూ పొద్దున ఏ చేప ఎన్ని కిలోలు, రొయ్య ఎంత, నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయి, రంగు ఎలా ఉంది, అంతే, నాలుగు గళ్ళు. నీళ్ళ పిల్లలే గీసి ఇచ్చారు. అలాంటిదే ఇంకోటి అవతలి ఒడ్డున మా అన్నకి ఇచ్చి వచ్చాను. మొదటి నెల రాయలేదు. పోయిన వారం పడవ మీద పంపించాడు, పదహారు రోజులు రాసి ఉంది, రొయ్య గడిలో తొమ్మిది రోజులు సున్నా. నా పుస్తకం పక్కన పెట్టి చూశాను. అవే తొమ్మిది రోజులు నా దాంట్లోనూ సున్నా.